ఎడమచెవి వెనక

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. పదకొండు నెలల తన కొడుకు తోడికోడల్ని "అమ్మా" అని పిలుస్తాడని. బండి లోయలో పడుతుందని కాదు, గ్యాసు పేలుతుందని కాదు. వాటికి భయపడేంత తీరిక ఆమెకు లేదు.

ప్రయాణంలో అది ఎనిమిదో రోజు. కనుమ మీద గాలి పొయ్యిని నిలవనివ్వడం లేదు. అంత ఎత్తున నీళ్లు తొందరగానే మరుగుతాయి గాని, పప్పు మాత్రం రెండు గంటలైనా గులకరాళ్లలా గలగలమంటూనే ఉంది. చాటుకు రేకు అడ్డం పట్టుకుని నిలబడిన ఆమె చేతులు కొంకర్లు పోతున్నాయి. ఇంకో గంటలో బస్సు వస్తుంది. పద్దెనిమిది మంది యాత్రికులు దిగుతారు. వాళ్లు దిగేసరికి బల్లల మీద గుడ్డలు పరిచి, పళ్లేలు పెట్టి, వేడివేడిగా వడ్డించాలి. వంటవాళ్ల చెమట మాత్రం ఎవరికీ కనపడకూడదు. యాత్రలు నడిపే కంపెనీ పద్ధతి అది. అందుకే వంటబండి ఎప్పుడూ బస్సు కంటే ముందు బయల్దేరుతుంది.

పాత నగరాలు, కొండలు, ఎడారి, అన్నీ పన్నెండు రోజుల్లో చూపిస్తామని కంపెనీ వాళ్లు గోడల మీద బొమ్మలు వేయిస్తారు. ఆమె కూడా అన్నీ చూసింది. మొదటి నగరంలో కోట వెనక కుళాయి సన్నంగా వస్తుంది. అంట్లకు మూడు గంటలు పడుతుంది. రెండో నగరంలో నీళ్లు బాగానే వస్తాయి గాని తూము పూడిపోయింది. మూడో నగరంలో వెయ్యేళ్ల నాటి గోడ ఉందట. ఆమెకు తెలిసింది దాని నీడే. అక్కడ ఉల్లిపాయలు తరిగితే కళ్లు తక్కువ మండుతాయి.

ఆ మూడు నగరాల్లోనూ, ఎవరూ చూడకుండా కుళాయి పక్కన కూర్చుని పాలు పిండి తూములో పారబోసింది. కొండలెక్కేసరికి పాలు ఆగిపోయాయి. పిండే బాధ తప్పినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

కనుమ మీద ఒక రాళ్లగుట్ట దగ్గర మాత్రమే ఫోను పనిచేస్తుంది. పప్పు మెత్తబడ్డాక పెద్ద వంటాయన గరిటె అందుకుని, "పో, ఐదు నిమిషాల్లో రా" అన్నాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

తోడికోడలు ఫోను ఎత్తేసరికి వెనక పిల్లాడి ఏడుపు.

"ఏంటక్కా, ఇంకా పడుకోలేదా?"

"పడుకోవడమా! నువ్వెళ్లిన దగ్గర్నుంచీ ఇదే వరస తల్లీ. మధ్యాహ్నం అయ్యేసరికి మొదలు. భుజం మీదేసుకుని తిప్పీ తిప్పీ నా నడుం నాది కాకుండా పోయింది. నువ్వెలా పడుకోబెట్టేదానివే?"

"ఎలా ఏముందక్కా? ఊరికే పడుకునేవాడు."

అది అబద్ధం. పిల్లాడి ఎడమచెవి వెనక చిన్న గుంట ఉంది. అక్కడ బొటనవేలితో మెల్లగా రాస్తే చాలు, ఎంత ఏడుపైనా రెప్పలు వాలిపోతాయి. అది కనిపెట్టింది ఆమే. బయల్దేరేరోజు పాలసీసా, గుడ్డలు, జ్వరం మందు అన్నీ వివరంగా అప్పజెప్పింది. ఇది మాత్రం చెప్పలేదు. ఉమ్మడి ఇల్లు; పొయ్యి ఉమ్మడి, బావి ఉమ్మడి, ఆఖరికి చీపురు కూడా ఉమ్మడే. ఈ ఒక్కటైనా తనకంటూ ఉండాలనిపించింది. వాడు ఏడుస్తున్నాడంటే తన కోసమే ఏడుస్తున్నట్టు. ఆ ఏడుపు వింటుంటే పరిగెత్తి వెళ్లి ఎత్తుకోవాలనిపించేది, లోపలెక్కడో తేనె చుక్క పడినట్టూ ఉండేది. ఆ తేనెకు తనమీద తనకే అసహ్యం.

"అన్నట్టు, నిన్నటి నుంచి అమ్మ అంటున్నాడే," అంది తోడికోడలు.

ఆమె ఫోను నోటి దగ్గరకు లాక్కుంది. "ఎవర్ని?"

"ఎవర్నేంటే! నోటికొచ్చిందంతా అమ్మే. తలుపుని చూసినా అమ్మే, పిల్లిని చూసినా అమ్మే."

ఆమె నవ్వలేదు. ఫోను పెట్టేశాక రాళ్లగుట్ట దగ్గరే కాసేపు నిలబడింది. ఆ తలుపు మీద కూడా ఆమెకు ఒళ్లు మండింది. రోజూ పదిసార్లు వాడు ఆ తలుపు పట్టుకునే లేచి నిలబడతాడు.

ఈ పని ఆమె కోరి తెచ్చుకున్నదే. మొగుడు ఎక్కడో దూరాన గొట్టాలు వేసే పనిలో ఉన్నాడు. ఒక నెల డబ్బు పంపిస్తే రెండు నెలలు కబురు పంపిస్తాడు. అట్టపెట్టెల కర్మాగారంలో రోజంతా నిలబడితే నూట యాభై. ఇక్కడ రోజుకు నాలుగు వందలు, తిండి కంపెనీదే. ఎనిమిదో తరగతిలో బడి మానిపించిన పిల్లకి అంతకంటే ఎవరిస్తారు? బస్సులో ముందు నిలబడి కోటల కథలు చెప్పే గైడమ్మాయిది ఆమె వయసే. టోపీ పెట్టుకుని, మెడలో మైకు వేసుకుని మాట్లాడుతుంటే పద్దెనిమిది మందీ నోళ్లు తెరుచుకుని వింటారు. ఆ అమ్మాయిని చూసినా ఆమెకు కుళ్లే. ఈ ప్రయాణంలో ఎవర్ని చూసి కుళ్లుకోలేదని అడిగితే ఆమెకు జవాబు దొరకదు.

అందరికంటే ఎక్కువగా, బస్సులోని ఒక తల్లిని చూసి. ఏడాదిన్నర పిల్లని గుడ్డలో గుండెకు కట్టుకుని కోటలన్నీ ఎక్కుతోంది ఆవిడ. పిల్ల నిద్ర, పిల్ల పాలు, పిల్ల చెమట, అన్నీ ఆవిడ ఒంటి మీదే. భోజనాల దగ్గర ఆ పిల్ల కిందపడేసిన మెతుకులు ఏరుతూ, ఆ చిన్న పాదాల్ని చూడకుండా ఉండటానికి ఆమె తల పక్కకు తిప్పుకునేది.

పదో రోజు ఎడారి. పిండి కలిపితే ఇసుక, నీళ్లు వంచితే ఇసుక. మధ్యాహ్నం ఎండకు గుడారాలు పెనంలా కాలాయి. ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. తల్లి, గైడమ్మాయి, బస్సులోని ముసలమ్మలు, ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకున్నారు. పిల్ల నీలుక్కుపోతోంది. నీళ్ల బిందె ఇవ్వడానికి వెళ్లిన ఆమెకు ఆ ఏడుపు నేరుగా రొమ్ముల్లో తగిలింది. ఆగిపోయాయనుకున్న పాలు జివ్వుమని లాగాయి.

"ఒకసారి ఇలా ఇస్తారా అండి," అంది.

ఆవిడ ఇచ్చింది. ఆమె పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమచెవి వెనక బొటనవేలు పెట్టింది. కాసేపటికి ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు నిట్టూర్పయ్యాయి, పిల్ల నిద్రపోయింది.

"అమ్మాయ్, ఏం చేశావ్? మంత్రం వేశావా?"

"మంత్రమేం లేదండి. ఇదిగో, ఇక్కడ. ఈ గుంట దగ్గర. గట్టిగా నొక్కకండి. మీరు ఊపిరి పీల్చుకునేంత నిదానంగా తిప్పండి. వేలు తడిగా ఉండకూడదు."

ఆవిడ వేలు పట్టుకుని మరీ నేర్పింది.

"నీకు పిల్లలున్నారా?"

"ఒక బాబండి. ఇంటి దగ్గర, మా అక్క చూసుకుంటోంది."

"అదృష్టవంతురాలివి," అంది ఆవిడ మనస్ఫూర్తిగానే. "హాయిగా వదిలేసి రాగలిగావు. నేనైతే ఒక్కపూట కూడా ఉండలేను తల్లీ."

ఆమె ఖాళీ బిందె ఎత్తుకుని వచ్చేసింది. వంట గుడారంలో బాబాయ్ బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. కనుమ మీద పొయ్యి పక్కనే ఉన్న గుట్ట దగ్గర, గాలి హోరుకు స్పీకరు పెట్టి ఆమె మాట్లాడిందంతా విన్నాడు, ఇప్పుడు జరిగిందీ చూశాడు.

"ఆవిడ నీకేమవుతుందమ్మా?"

"ఏమీ అవదు. ఎవరో."

"ఆహా. ఎవరికో వేలు పట్టుకుని నేర్పించావు. నీ కొడుకుని నడుం విరిగేలా మోస్తున్నది మాత్రం అడుక్కున్నా చెప్పవు." దుంప నీళ్లలో పడేశాడు. "నాకెందుకులే. ఆ గిన్నె ఇటు తోయి."

ఆమె గిన్నె తోసింది. మాట మాత్రం ముల్లులా దిగింది. నిజమే, ఏడుస్తున్నది తోడికోడలు కాదు కదా. తను దాచుకున్నది తోడికోడలి దగ్గర్నుంచి అనుకుంది. దొంగిలించింది కొడుకు నిద్ర. పది మధ్యాహ్నాలు.

చేతులు తుడుచుకుని బయటికి వచ్చి ఫోను చేసింది. ఎలా చెప్పాలో తెలియక ఒక్క గుక్కలో చెప్పేసింది. చెవి, గుంట, బొటనవేలు. అటువైపు ఫోను పక్కన పెట్టిన చప్పుడు, పిల్లాడి ఏడుపు వినపడ్డాయి. తర్వాత ఏడుపు సన్నబడింది. తర్వాత అదీ లేదు.

"పడుకున్నాడే," అంది తోడికోడలు గుసగుసగా. మళ్లీ అంది, "ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా?"

ఆమె వేలితో ఇసుకలో గీతలు గీసింది.

"కావాలనే చెప్పలేదు కదూ?"

"ఊఁ."

"నీ దుంపతెగ." తోడికోడలు గొంతు ఇంకా తగ్గించింది. "నీ చోట నేనున్నా చెప్పేదాన్ని కాదేమోలే. పెట్టెయ్, లేస్తాడు."

కొడుకు ఇంకొకరి చేతిలో హాయిగా నిద్రపోతున్నాడు. ఆ ఎండలో, ఇసుకలో కూర్చుని ఆమె మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

పన్నెండో రోజు ఎడారి అంచున ఉన్న ఊళ్లో యాత్ర ముగిసింది. యాత్రికులు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. సత్రం వెనక సామాన్ల వ్యాను పొద్దుటి నుంచీ సిద్ధంగా ఉంది. అందులో ఎక్కితే రెండు రోజుల్లో ఇల్లు. ఆమె సంచి సర్దుకుని వస్తుంటే మేనేజరు ఎదురొచ్చాడు.

"వ్యాను ఎక్కకు. తిరుగు ట్రిప్పు వంటమనిషి చెయ్యి కాల్చుకుంది. గంటలో కొత్త బస్సు బయల్దేరుతోంది, మళ్లీ పన్నెండు రోజులు. నువ్వు దాని వంటబండిలో వెళ్లు."

"నేను ఇంటికెళ్లాలండి."

మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ కంపెనీలో సెలవు కావాలంటే ఎవరో ఒకరు చచ్చిపోవాలి. అది అందరికీ తెలిసిన ఆచారం. వ్యాను డ్రైవరు వాళ్ల అమ్మమ్మను ఇప్పటికి మూడుసార్లు పాతిపెట్టాడు. కనుక మేనేజరు మామూలుగానే అడిగాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండి."

"జ్వరమా పిల్లాడికి?"

"లేదు. బాగున్నాడు. మా అక్క దగ్గర హాయిగా పడుకుంటున్నాడు."

"మరింకేంటి నీ బాధ? బాగున్న పిల్లాడి కోసం పని మానుకుంటావా?"

బాబాయ్ వెనక నుంచి కళ్లతో సైగ చేశాడు, ఎవరో ఒకర్ని చంపేయమని. మామగారున్నారు, పెద్దత్త ఉంది, ఒక్క మాట చాలు. ఆమె నోరు తెరిచింది.

"వాడికి నాతో పనిలేదేమోనండి. నాకే వాడు కావాలి. దానికి ఎవరూ చావక్కర్లేదు. పన్నెండు రోజులకని చెప్పారు, పన్నెండు రోజులు చేశాను. ఎక్కను."

"ఎక్కకపోతే ఇంకెప్పుడూ పిలవను."

"మీ ఇష్టం."

మేనేజరుకు కోపం కూడా రాలేదు. సత్రం వసారా ఊడుస్తున్న పిల్లని కేకేశాడు. "వంటపని వచ్చా? రోజుకు మూడు వందలు. ఇప్పుడే బయల్దేరాలి." ఆ పిల్లకి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చీపురు గోడకు ఆనించి, సత్రం వెనక సందులోకి పరిగెత్తి, రెండు బట్టలు మూటకట్టుకుని వచ్చింది. మేనేజరు ఆమె ఒంటి మీది వంట కోటు విప్పించి ఆ పిల్లకి ఇప్పించాడు.

కోటు చేతులు తొడుగుతుంటే ఆ పిల్ల రవిక ముందు తడిసి ఉండటం ఆమె చూసింది.

"పిల్లలా?" అంది గొంతు తగ్గించి.

"పాప. ఏడో నెల." ఆ పిల్ల గబగబా చెప్పింది. "వెనక సందులో మూడో ఇల్లు, పక్కింటి అవ్వకి అప్పజెప్పా. అవ్వకి చూపు సరిగా ఆనదు గాని, మంచిదే. పన్నెండు రోజులేగా అక్కా?"

"ఎలా పడుకుంటుంది పాప? అవ్వకి చెప్పావా?"

"ఎక్కడక్కా, టైము లేదుగా..." వంటబండి అప్పటికే కదులుతోంది. ఆ పిల్ల పరిగెత్తి వెనక చెక్క పట్టుకుని ఎక్కింది. తనొద్దన్న బండి మీద తన కోటు దుమ్ములో కలిసిపోవడం ఆమె చూస్తూ నిలబడింది. ఇటు వ్యాను హారను మోగుతోంది. ఇది తప్పితే మళ్లీ నాలుగు రోజులకు గాని లేదు. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి, సత్రం వెనక సందు వైపు తిరిగి చూసింది.

కోటలు, కొండలు, ఎడారి చూడటానికి మీలో ఎవరైనా ఆ దారిన వెళితే, ఆఖరి ఊళ్లో సత్రం దగ్గర బస్సు ఆపుతారు. గంటసేపు ఖాళీగానే ఉంటారు. సత్రం వెనక సందులో, మూడో ఇల్లు, రేకు తలుపు. దయచేసి ఒకసారి తట్టండి. అవ్వకు చూపు ఆనదు, మీరెవరో నోటితో చెప్పాలి. లోపల ఒక పాప ఉంటుంది. పాలు తాగిందో లేదో చూడండి.