గూటికెళ్ళని కోళ్ళు

సందు మొదట్లో సెలూన్, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక కోళ్ళగూడు. మూడింటికీ యజమాని కత్తెర బాబాయి. కోళ్ళకు మాత్రం పిన్నే యజమానురాలు. ఆ సంగతి ఆయనకు తెలుసు, కోళ్ళకు ఇంకా బాగా తెలుసు.

బాబాయికి ఇరవై రెండేళ్ళుగా ఒకటే పట్టుదల. కుర్చీలో కూర్చున్న ప్రతి తలనూ పాయలు తీసి చూస్తే గానీ కత్తెర పట్టడు. పేను కనబడిందా, "ముందు మందు రాసుకుని రా నాయనా" అని నలుగురి ఎదుటే పంపేసేవాడు. అందుకే ఆ కొట్టుకు శుభ్రమైన కొట్టని పేరు. ఆయన సంపాదించిందల్లా ఆ పేరే.

అలాంటి మనిషి ఓ బుధవారం పొద్దున గూట్లో గుడ్లు తీస్తుంటే, ఆవగింజలో సగం కూడా లేని ఎర్ర పురుగు మోచేతి మీద పాకింది. వెనకే ఇంకో నాలుగు. వారం నుంచి కోళ్ళు నాలుగూ చీకటి పడుతున్నా గూట్లోకి వెళ్ళమని ఎందుకు మొరాయిస్తున్నాయో అప్పుడు అర్థమైంది.

"పశువుల డాక్టరు గారికి చెప్పండి," అంది పిన్ని.

"బుద్ధుందా నీకు? ఆయన ప్రతి ఆదివారం నా కుర్చీలో కూర్చునే మనిషి. మనింట్లో పేలని తెలిస్తే రేపట్నించి కొట్లో కూర్చుని ఈగలు తోలుకోవాలి."

"ఇప్పుడు పేలు తోలుకుంటున్నారుగా. ఈగలే నయం."

బాబాయి తనకు వచ్చిన విద్యే నమ్ముకున్నాడు. పిన్ని కాళ్ళు పట్టుకుంటే, ఒక్కో కోడికీ రెక్కల కిందా తోక చుట్టూ ఈకలు కత్తిరించి, పైన గుప్పెడు పౌడరు చల్లాడు. "పాపిడి పక్కకు తీయాలో మధ్యకు తీయాలో అడగండి," అని పిన్ని నవ్వు ఆపుకుంది. కోళ్ళు బడికి బయల్దేరిన పిల్లల్లా తయారయ్యాయి. సాయంత్రం మాత్రం మళ్ళీ గోడెక్కి కూర్చున్నాయి.

పైగా ఇప్పుడు దురద ఆయనకే పట్టుకుంది. గిరాకీ ముందు గోక్కుంటే పరువేం కావాలి? పళ్ళు బిగించి నాలుగు రోజులు నెట్టుకొచ్చాడు. చూసినవాళ్ళు బాబాయికి కోపమొచ్చిందనుకున్నారు.

ఆదివారం బెంచీ నిండా జనం. కుర్చీలో మొహం నిండా నురగతో డాక్టరు గారు. ఇంతలో వెనక తలుపు తోసుకుని ఓ కోడి తీరిగ్గా కొట్లోకి నడిచొచ్చింది. తోక చుట్టూ నున్నటి కత్తిరింపు, ఒళ్ళంతా పౌడరు.

డాక్టరు గారు ఓ కన్ను తెరిచారు. "ఇది ఎవరి చేతి పనో అడగక్కర్లేదు," అంటూ లేచి, కోడిని చంకన పెట్టుకుని నురగ మొహంతోనే పెరట్లోకి నడిచారు. బాబాయి వెనకాలే తేలుకుట్టిన దొంగలా వెళ్ళాడు.

డాక్టరు గారు కోళ్ళెక్కి కూర్చునే కర్ర అడుగున తెల్ల కాగితంతో తుడిచారు. కాగితం మీద ఎర్రటి చారలు పడ్డాయి.

"ఇవి పేలు కావు, నల్లులు బాబాయ్. పగలంతా ఈ కర్ర సందుల్లో దాక్కుని, కోళ్ళు ఎక్కాక బయటికొచ్చి రక్తం తాగుతాయి. దొంగలు మంచం కింద ఉంటే నువ్వు మంచం మీద వాళ్ళకి క్షవరం చేశావు. కర్రలు ఊడదీసి సలసలా కాగే నీళ్ళు పోయించు. నేనిచ్చే మందు కొట్టు. నల్లుల గుడ్లు పగిలి పిల్లలొస్తాయి కాబట్టి వారానికి మళ్ళీ చెయ్యి."

కొట్లోకి తిరిగొచ్చేసరికి అందరి చూపూ బాబాయి మీదే. "ఏంటి సంగతి?" అన్నాడు పంపుల మేస్త్రీ.

ఏమీ లేదని చెప్పేద్దామనుకున్నాడు. కానీ పోయిన నెల ఇదే బెంచీ ముందు నుంచి, పేలున్నాయని పంపేస్తే, తల దించుకుని వెళ్ళిపోయిన లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. అతను మళ్ళీ రాలేదు. బాబాయికి సిగ్గేసింది.

"మా కోళ్ళకి నల్లులు పట్టాయి. నన్నూ కుడుతున్నాయి. వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, నేనేం అనుకోను."

బెంచీ మీంచి ఇద్దరు లేచారు.

డాక్టరు గారు వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం పైకెత్తారు. "కోడినల్లి మనిషిని కుడుతుంది గానీ మనిషి మీద కాపురం పెట్టదు. కానివ్వు బాబాయ్. అయితే ముందు నువ్వు తనివితీరా గోక్కో. కత్తి తర్వాత పట్టుకుందువు గాని."

బాబాయి కత్తి బల్ల మీద పెట్టి, నలుగురూ చూస్తుండగా రెండు చేతులా గోక్కున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచినవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా వీపు గోక్కుంటూ మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు.