తల్లి పేరు దగ్గర ఖాళీ

కాళ్ళు ఉబ్బాయని కూతురు ఏడిస్తే మొగుడి గోళీ ఒకటి ఇచ్చింది యేసమ్మ. బొగ్గుబాయిలో పనిచేసే ఎలీషాకు కాళ్ళవాపుకని కంపెనీ దవాఖానలో నెలనెలా ఇచ్చేవవి, ఒంట్లో నీరు తీసేస్తాయి. గోదావరిఖని క్వార్టర్లలో దవాఖాన గోళీ ఫలానా వాళ్ళదని ఉండదు. ఎవరికి నొప్పొస్తే వాళ్ళదే.

గ్లోరియా బరువులెత్తే పోటీల్లో ఆడుతుంది. పోటీకి ముందు తూకం తగ్గించుకోవడానికి వాడతారని ఆ గోళీ ఆటలో నిషేధమట. పరీక్షలో దొరికాకే తెలిసింది. కావాలనే మింగిందంటే నాలుగేళ్ళు ఆట బంద్. తెలియక జరిగిందని కమిటీ నమ్మితే తగ్గుతుంది.

ఆదివారం కోచ్ వీరేందర్ ఇంటికొచ్చాడు. జరిగింది జరిగినట్టు రాసిస్తానంది యేసమ్మ. అంత కష్టమెందుకని అతను సంచిలోంచి జిరాక్సు కాగితం తీశాడు. 'దేవుని సాక్షిగా, నా కూతురు కాళ్ళవాపుతో బాధపడుతుంటే నేనే తెలియక...' ఆమె రాయాలనుకున్న ప్రతి ముక్కా అందులో ఉంది. తల్లి పేరు దగ్గర మాత్రం ఖాళీ.

"పేరు నింపుండ్రి అక్క. నిరుడు ఇద్దరు పోరిలకు గిదే పనిజేసింది."

"ఆ తల్లులు గూడ గోళీలిచ్చిండ్రా సారూ?"

వీరేందర్ చాయ్‌లో బిస్కట్ ముంచుకుంటూ నవ్వాడు. "తల్లులకేం ఎరుక? తూకం ఎక్కువొస్తే నేనే ఇస్త. రెండుసార్లు రోజుల లెక్క తప్పి దొరికిండ్రు, గంతే."

యేసమ్మకు తన నోట్లో ఉన్న ఒక్కగానొక్క నిజాన్ని ఎవరో ముందే నమిలి ఉమ్మినట్టుంది. ఇప్పుడు ఏం చెప్పినా ఎంగిలి మాటే. అతని పెదవికంటిన తడి బిస్కట్ ముక్కను చూడలేక ముఖం తిప్పుకుంది.

నోటుబుక్కులో కాగితం చింపి, ఏ రోజు, ఏ పూట, ఏ గోళీ ఇచ్చిందో సొంతంగా రాసింది. ఎలీషా మందుల చీటీ పక్కన పెట్టింది. ఆ పైన జిరాక్సు కూడా పెట్టి, అది ఎవరు తెచ్చారో, ఏమన్నారో కింద రాసింది.

వీరేందర్ గ్లాసు దించాడు. "గా జిరాక్సు జూస్తే నీ మాట గూడ నమ్మరు. పోరి నాలుగేండ్లు ఇంట్ల కూసుంటది."

యేసమ్మ చెయ్యి ఆగింది. కూతురి వైపు చూసింది. గ్లోరియా అరచేతుల్లో కాయలు గిల్లుకుంటోంది.

"నిరుడు నన్ను ఓడగొట్టిన సంతోషి గా ఇద్దర్ల ఉన్నదా సారూ?"

అతను సంచి సర్దుకోసాగాడు.

గ్లోరియా లేచి, గోడమీది క్యాలెండరుకు గుచ్చిన గుండుసూది పీకి, కాగితాలన్నీ కలిపి గుచ్చమని తల్లి చేతిలో పెట్టింది.