పొట్టి గోడ

కోడలి సంచిలో కొత్తిమీర కట్ట కింద కొలతల టేపు కనిపించింది. సువార్తమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కూరగాయలు తీసి బుట్టలో సర్దడం రోజూ ఆమె చేసే పనే. బెండకాయలు వచ్చే సంచిలోకి టేపు ఎందుకు వచ్చినట్టు? అడుగున చిన్న నోటుబుక్కు కూడా ఉంది. వంటింట్లో కుక్కరు కూసింది. రేచల్ ఇప్పట్లో ఇవతలికి రాదు. సువార్తమ్మ కళ్ళజోడు సరిచేసుకుని, పుస్తకం తెరిచి, పెదవులు కదుపుతూ చదివింది. గుమ్మం మూడడుగులు. కిటికీ నేల నుంచి అడుగున్నర. గోడ, ఆ పక్కన ప్రశ్న గుర్తు. ఎవరి గుమ్మం? ఎవరి కిటికీ? వేరే ఇల్లు చూసుకుంటోంది, ఇంకేముంది.

నిన్న అన్నం తింటూ కొడుకు ఎడ్విన్ గొంతు తగ్గించి అన్న మాట గుర్తొచ్చింది. "అమ్మా, రెండింటికి పోతుంది, నాలుగింటికి వస్తుంది. కూరగాయలకి రెండు గంటలా? యాడికి పోతుందో నువ్వే కాస్త కనిపెట్టు." ఆమె ముద్ద కంచంలోనే వదిలేసి లేచింది. సంచి చేత పట్టుకుని గుమ్మం దాటిన మనిషి తిరిగి వస్తాడన్న నమ్మకం ఆమెకు ఎప్పుడో పోయింది. ఎడ్విన్‌కి ఏడాది కూడా నిండకముందు మొగుడు గిద్యోను సద్ది గిన్నె సంచిలో పెట్టుకుని పలకరాయి గనికి పోయాడు. సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళ కూతురు ప్రసన్న, రేకు పెట్టెతో హాస్టలుకు. ఇప్పుడు ఈ పిల్ల. పెళ్ళయి నాలుగేళ్ళు. అయిదింటికి లేచి, ఎడ్విన్‌కే కాదు, అతని ఆఫీసులో పనిచేసే ముగ్గురికీ క్యారియర్లు కట్టి, ఆ గిన్నెలు తోమి, భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచి ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఎడ్విన్ వాటి మీద తన లైసెన్సు స్టాంపు వేసుకుంటాడు. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుంది" అంటాడు. అట్లాంటి చాకిరీ వదిలిపెట్టి పోవాలనుకుంటే ఆ పిల్లను తప్పుపట్టగలదా? పట్టలేదు. అందుకే భయం.

మర్నాడు రెండింటికి రేచల్ ఆటో ఎక్కగానే సువార్తమ్మ ఇంకో ఆటో ఎక్కింది. బజారు దాటింది. కూరగాయల అంగళ్ళు దాటింది. ముందు ఆటో తర్లుపాడు రోడ్డు పట్టింది. ఊరి బయట పాడుబడ్డ రేకుల షెడ్డు ముందు అది ఆగింది. ఆ షెడ్డు ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్ళు అందులోనే కూర్చుని రాయిని పొరలుగా చీల్చి పలకలు చేసింది. పలక మీద గీత పడుతుందో లేదో చూడటానికి కట్టలకు చుట్టే పాత పేపర్లలోని అక్షరాలు చూసి బలపంతో దించేది. అట్లాగే చదువు వచ్చింది.

లోపల రేచల్ ఒంటరిగా, చంటిపిల్లలా కాళ్ళు చాపుకుని, దుమ్ములో కూర్చుని ఉంది. ఎదురుగా ఉన్న పొట్టి గోడ మీదుగా చూస్తోంది.

"ఎవురు పంపినారు నిన్ను ఈడికి?"

రేచల్ ఉలిక్కిపడి, వెంటనే నవ్వేసింది. "అత్తా! నా ఎనకాల వచ్చిన ఆటో నీదేనా? ఎవురబ్బా వదలకుండా వస్తున్నారని దారంతా బయపడి చచ్చినా."

"నవ్వమాక. ఈ జాగా ఎవురన్నా కొంటున్నారా?"

"ఎవురూ కొనట్లేదు. బడి కోసం వచ్చినా."

మార్కాపురం నడిబజార్లో ఒక ట్రస్టువాళ్ళు చిన్నపిల్లల బడి కడుతున్నారట. చుట్టూ దుకాణాలు, మధ్యలో ఇరుకు స్థలం. మంచి ప్లాను ఇచ్చినవాళ్ళకు పని ఇస్తారట. ఎడ్విన్ ఫోనులో బెంగళూరు బడుల ఫోటోలు చూపించి, "ముందు అద్దాలు పెట్టు, రంగులు కొట్టు, చాలు" అన్నాడట.

"మన ఎండకి అద్దాల గదిలో పిల్లకాయలు ఉడికిపోరా అత్తా? చింతపండు గింజలు తీస్తా నువ్వే ఒకసారి చెప్పినావు, షెడ్డులో ఎండ మీద పడదు, అయినా ఎప్పుడూ ఎలుతురేనని. అది చూద్దామని వస్తున్నా. ఆయనకి చెప్తే, పాడుబడ్డ కొట్టంలో ఏముందని ఎగతాళి చేస్తాడు."

సువార్తమ్మకు అనుమానం తగ్గకపోగా పెరిగింది. డెబ్బై ఏళ్ళలో ఆమె మాట ఒకటి ఎవరైనా గుర్తుపెట్టుకున్నారంటే ఏదో అవసరం పడే. అయినా అడిగినదానికి చెప్పింది. "ఉత్తరం పక్క తెరిచి పెట్టినారు గదా. ఎండ తగిలితే రాయి మెరుస్తాది, పొర కనపడదు. ఉలి యాడ పెట్టాలో తెలీదు."

"మరి ఈ గోడ? ఇంత పొట్టిగా ఎందుకు?"

సువార్తమ్మ గోడ దగ్గరికి పోయి చేత్తో దుమ్ము తుడిచింది. "ఇది మేస్త్రీ కట్టింది కాదు. మేము ఆడోళ్ళం కట్టుకున్నాం, ఇరిగిన పలకలు పేర్చి. పాకే బిడ్డ దాటి ఉలుల మీదికి రాకూడదు. నిలబడే బిడ్డకి అమ్మ కనపడాల. కూచున్నదాని మెడ దాకా ఉంటే చాలు. నన్ను కూచోబెట్టి కట్టినారు. కొలత నేనే."

రేచల్ టేపు సాగదీసింది. రెండడుగులు. రాసుకోబోయి అత్త ముఖం చూసి ఆగింది.

ఎవరూ అడగకుండానే సువార్తమ్మ ప్రసన్న సంగతి చెప్పింది. గిద్యోను పోయాక ఇద్దరు పిల్లల్ని సాకలేక ఆరేళ్ళదాన్ని గిద్దలూరులో హాస్టలు ఉన్న బడిలో వేసింది. రెండు నిలువుల గోడ, ఇనుప రేకు గేటు. గేటు వేశారు. లోపల పిల్ల "అమ్మా, ఉండావా?" అని అరిచింది. ఈమె "ఉండా" అన్నది. మళ్ళీ అరిచింది. మళ్ళీ ఉండా అన్నది. ఎన్నిసార్లో. ఆఖరి బస్సు టైమైంది. ఇంకోసారి అడిగితే పలకడానికి తను అక్కడ లేదు. సెలవులకు వచ్చిన ప్రసన్న మునుపటిలా ఒళ్ళో చేరలేదు. ఇప్పుడు దానికీ పిల్లలున్నారు, ఫోను చేస్తుంది. అయినా చేరలేదు.

"ఇది ఎవురికీ చెప్పమాక," అంది.

"చెప్పను అత్తా. గీస్తా."

ఎడ్విన్ అడిగితే సువార్తమ్మ "కూరగాయలకే పోతుంది" అని చెప్పింది. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు తన మీదే అనుమానం కలిగింది. నెల తిరిగేసరికి ప్లాను తయారైంది. తరగతులన్నీ బజారుకు వీపు పెట్టి ఉత్తరానికి తెరుచుకున్నాయి. గేటు లోపల తల్లులు కూర్చోవడానికి అరుగు, అరుగుకూ తరగతికీ మధ్య రెండడుగుల గోడ. ట్రస్టుకు పంపే ముందు బల్ల మీద పరిచిన కాగితం మూల అచ్చు అక్షరాలను సువార్తమ్మ కూడబలుక్కుని చదివింది. రూపకల్పన: ఎడ్విన్.

"నాయనా, గీసింది రేచల్ గదా?"

"లైసెన్సు నాది గదమ్మా. ఎవురి పేరుంటే ఏంది, ఇల్లొకటే గదా!"

ఆ మాట ఆమెకు తెలుసు. పలకల షెడ్డులో ఎవరి దొంతర మీద వాళ్ళ గుర్తు బలపంతో వేసేవాళ్ళు. పెళ్ళయిన ఆడదాని దొంతర మీద మాత్రం మొగుడి గుర్తే. ఆమె చీల్చిన పలకలన్నిటి మీదా గిద్యోను శిలువ గుర్తు ఉండేది. "ఎవురి గుర్తుంటే ఏంది, ఇల్లొకటే గదా" అనేవాడు. ఊరంతా గిద్యోను చెయ్యి మంచిదన్నారు. కానీ గిద్యోను పోయేనాటికి ఎడ్విన్‌కి మాటలే రావు. మరి ఆ మాట వీడికి ఎవరు నేర్పారు? అక్క పుస్తకాలు తమ్ముడికి ఇచ్చేసినప్పుడు, అక్కను హాస్టల్లో వేసి తమ్ముణ్ణి ఇంట్లో ఉంచుకున్నప్పుడు, ఆ ఇంట్లో పెద్దదిక్కుగా ఉన్నది తనొక్కతే. సువార్తమ్మ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది.

పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం ఎడ్విన్ హుషారుగా వచ్చాడు. "అమ్మా, మన ప్లాను నచ్చిందంట! రేపు పదింటికి రమ్మన్నారు. తరగతులు అటు తిప్పినారు ఎందుకు, ఆ పొట్టి గోడ ఏంది, అని అడుగుతున్నారు." వంటింటి వైపు తిరిగాడు. "ఏమే, ఆ గోడ ఎందుకు పెట్టినావు? చెప్పు, రాసుకుంటా."

రేచల్ దోసె తిరగేస్తూనే అంది, "ఆ మాట నాది కాదు. అత్తది. అత్తని అడుగు."

ఎడ్విన్ పెన్ను పట్టుకుని తల్లి ముందు కూర్చున్నాడు. చిన్నప్పుడు పలక పట్టుకుని అట్లాగే కూర్చునేవాడు. ఏది అడిగితే అది ఇచ్చేది.

"నేను చెప్పను నాయనా."

"అదేందమ్మా? నాకు చెప్పవా?"

"రేచలూ, ఎవురికీ చెప్పొద్దన్నా గదా. రేపు ఆడ అందరి ముందరా చెప్పు. ప్రసన్న సంగతితో సహా. నువ్వే చెప్పాల. ముందు ఆ కాగితం మూల నీ పేరు రాయి."

"ఈమె వస్తే ఆఫీసోళ్ళ క్యారియర్లు?" అన్నాడు ఎడ్విన్.

"హోటళ్ళు లేవా ఊళ్ళో?"

"అచ్చు అయిపోయిందమ్మా, ఇప్పుడెట్ల మారుస్తారు!"

"చేతిలో పెన్నుంది గదా. ఇయ్యి ఆమెకు."

తల్లి చాచిన చెయ్యి దించలేదు. ఎడ్విన్ పెన్ను ఆమె చేతిలో పెట్టి లేచిపోయాడు. రేచల్ చేతులు తుడుచుకుని వచ్చి అచ్చు పేరు కొట్టేసింది. పైన తన పేరు రాసింది. సువార్తమ్మ వంగి, పెదవులు కదుపుతూ చదివి, సరే అన్నట్టు తల ఊపింది.

తెల్లారి రేచల్ స్నానానికి పోయినప్పుడు సువార్తమ్మ ఆమె సంచి తెరిచి చూసింది. టేపు, నోటుబుక్కు, చుట్టిన కాగితాలు. అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికింది. మార్చుకునే బట్టలేమీ లేవు. అప్పుడు సంచిని తన చేత్తోనే తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టింది.