జారే నేల

విర్యావన్ టీవీ శబ్దం పెంచాడు. ఆఫీసు గదిలో చోటు చాలక సగంమంది వరండాలోనే కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. వాయ్ రెజో ఊరి కబేళాలో పనిచేసే ముప్పై నలుగురినీ చేతులు కూడా కడుక్కోనివ్వకుండా పిలిపించాడు. తొట్టి దగ్గర బోటి కడుగుతున్న వార్సిని మోచేతుల దాకా పచ్చటి పసరుతోనే వచ్చి తలుపు పక్కన నించుంది.

టీవీలో మాటలు పరాయి దేశానివి. బొమ్మ మాత్రం వాళ్లదే. ఓడలో దక్షిణం నుంచి వచ్చిన ఎర్ర ఎద్దు ఒకటి, చెవికి పసుపుపచ్చ బిళ్లతో, తడి నేల మీద పడి ఉంది. కాళ్లు కూడదీసుకుని లేవబోతోంది, జారి పడుతోంది. మళ్లీ లేవబోతోంది, మళ్లీ పడుతోంది. ఒకడు దాని తోక మెలిపెట్టాడు. మోకు కొసతో మొహం మీద కొట్టాడు. తర్వాత వాడి మొహం తెర నిండా వచ్చింది. లెగిమాన్. వార్సిని తమ్ముడు.

"చూశారుగా," అన్నాడు విర్యావన్. కబేళాను మునిసిపాలిటీ దగ్గర పదేళ్లకు పాడుకున్న కాంట్రాక్టరు ఆయన. "సముద్రం అవతల మన పరువు తీసిన చెయ్యి ఇది. అక్కడి జనం ఇది చూసి ఏడ్చారంట. ఓడలు ఆపేశారు. నువ్వూ, ఇందులో కనపడ్డ ఆ ఇద్దరూ, రేపట్నుంచి ఈ గేటు తొక్కొద్దు."

లెగిమాన్ తల దించుకున్నాడు.

వార్సిని మాత్రం తెర మూలకే చూస్తోంది. అక్కడ ఒక తెల్ల రబ్బరు బూటు, మడమ వరకూ కనపడుతోంది. కబేళాలో తెల్ల బూట్లు తొడుక్కునేవాడు ఒక్కడే, సూపర్‌వైజర్ సుగెంగ్. ఆ రోజు వాడు ఎద్దుకి మూరెడు దూరంలో నిలబడి "కానీ, కానీ, తర్వాతది ఎక్కడ" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపు టీవీలో వినపడలేదు. దాని మీద ఎవరో ఏడుపు సంగీతం పెట్టారు. కాలవ పూడిపోయి నెత్తురూ నీళ్లూ వెనక్కి తన్నడం, నేల గరుకు చేయించమని మూడుసార్లు అడగడం, మూడుసార్లూ తిట్లు తినడం, అవేవీ అందులో లేవు.

ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. తమ్ముడి పని పోయాక, ఇంట్లో సంపాదించేది ఇక తనొక్కతే.

ఓడలు ఆరు వారాలు ఆగి, మళ్లీ వచ్చాయి. పశువుల్ని బాగా చూస్తున్నట్టు రుజువు చూపించమన్నారంట అవతలివాళ్లు. విర్యావన్ రుజువు చేయించాడు. తలుపంత బోర్డు, తెల్ల రంగు మీద నీలి అక్షరాలు, ఏడు నియమాలు, కింద ఆయన సంతకం. అధికారులొచ్చి దాని పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లారు. నేల అదే నేల. కాలవ అదే కాలవ. లెబరాన్, అంటే రంజాన్ పండగ, దగ్గరపడుతోందని, పోయిన ఆరు వారాలూ పూడ్చుకోవాలని, రోజుకి నలభై తలలు కోసేచోట అరవై కొయ్యమన్నాడు. మనుషులేమో ముగ్గురు తగ్గారు. పైగా ఉపవాసాల నెల. పొద్దుటి నమాజు కాగానే మొదలుపెడితే, గుక్కెడు నీళ్లు గొంతు దిగకుండా మధ్యాహ్నం మూడింటికి గానీ తెమిలేది కాదు.

ఈలోగా ఊరి పేపరు ఇంకో కథ రాసింది. ఇదంతా పరాయివాళ్ల కుట్రట. మన మతాన్నీ మన దేశాన్నీ అవమానించడానికి పన్నిందట. శుక్రవారం ఊరేగింపు పెట్టారు. ఖర్చు విర్యావన్‌ది. పనివాళ్లని లారీలో ఎక్కించి తీసుకెళ్లి చేతికో గుడ్డ జెండా ఇచ్చారు. 'మా కబేళా మా గౌరవం' అని రాసుంది వార్సిని పట్టుకున్నదాని మీద. ఎండలో మూడు గంటలు పట్టుకుంది. విర్యావన్ మైకులో తన పనివాళ్లు చీమకైనా హాని చెయ్యరని చెబుతుంటే, గౌరవం అంటే మురుగు కాలవ కాబోలనుకుంది.

ఆ సాయంత్రమే పనివాళ్లంతా కస్మురి ఇంట్లో చేరారు. కస్మురి అరవై దాటిన కోతగాడు. వాయ్ రెజోలో ఆయన చేతి కత్తి కిందకి రాని మాంసం తిన్నవాళ్లు లేరు. వాకిట్లో చాపల మీద ముప్పైమందికి పైగా కూర్చున్నారు. మసీదులో అజా వినపడగానే ఖర్జూరాలు నోట్లో వేసుకున్నారో లేదో, వాదన మొదలైంది.

"నాకు ఒకటి తెలియక అడుగుతాను," అంది బోటి కడిగే దార్యెం. "ఆ ఎద్దు కోసం అక్కడ లక్షలమంది ఏడ్చారు. పోయినేడు ఎద్దు కుమ్మి నా మొగుడి తుంటి విరిగిందే, అప్పుడొక్కడన్నా ముక్కు చీదాడా?"

"ఎద్దు పాలు తాగే దేశం కాబోలు," అన్నాడెవడో. నవ్వారు.

"నవ్వకండి. ఓడలు మళ్లీ ఆగితే మన పొయ్యి మీద ఏం పెడతాం? ఆ టీవీవాళ్లు మనకి పగవాళ్లు," అన్నాడింకొకడు.

"వాళ్లు పగవాళ్లయితే విర్యావన్ ఎవరు, మేనమామా?"

లారీ డ్రైవర్ కెతుత్ గోడకానుకుని వింటున్నాడు. వాడు బాలీ నుంచి వచ్చిన హిందువు. రేవు నుంచి ఎడ్లని మోసుకొస్తాడు, వాటి మాంసం మాత్రం ముట్టడు. "మీకు ఆ కెమెరా మీద కోపం దేనికి?" అన్నాడు. "అది అబద్ధమేం చూపించలేదుగా."

అంతటితో వాకిలంతా కెతుత్ మీద పడబోయింది. మూల కూర్చున్న లెగిమాన్ గొంతు సవరించుకున్నాడు. పనిలోంచి తీసేసిన దగ్గర్నుంచి వాడు నలుగురిలోకి రావడం ఇదే.

"కెతుత్ అన్నది నిజమే. నేను కొట్టాను," అన్నాడు. "కంటి మీద తగిలింది. అది లేవలేకపోతోందని నాకు తెలుసు. తెలిసే కొట్టాను. అది ఆ రోజు ముప్పై ఎనిమిదోది. నా కాళ్లు కూడా జారుతున్నాయి. దాని మీద కోపమో, నా మీద కోపమో... ఊరేగింపులో, మనం చీమకైనా హాని చెయ్యం అని చెప్పారంట. నాకు సిగ్గేసింది. కొట్టలేదని చెప్పి మాత్రం నా కోసం కొట్లాడకండి."

కస్మురి తన అరచేతుల్ని చూసుకున్నాడు.

"మా నాన్న కాలంలో ఒంగోలు ఎడ్లు వచ్చేవి," అన్నాడు. "మనిషి చెయ్యి ఎరిగినవి. మెడ నిమిరితే పడుకునేవి. ఈ ఓడ ఎడ్లు మనిషిని చూడకుండా పెరిగినవి, మనల్ని చూస్తేనే బెదురు. వాటికి ఇంకా నిదానం కావాలి. నాకేమో కత్తి నూరుకునే సమయం కూడా ఇవ్వట్లేదు. మొద్దు కత్తితో కోసిన రోజు నాకు అన్నం సయించదు. పండగ అయ్యాక మానేద్దామనుకుంటున్నా."

"మానేస్తే ఇంకోడొస్తాడు బాబాయ్," అంది వార్సిని. ఆ మాట అనేదాకా తను మాట్లాడతానని ఆమెకే తెలీదు. "మానొద్దు. సమ్మె కూడా వద్దు. ఆ బోర్డు ఉందే, దాని మీద రాసినట్టే చేద్దాం."

"ఏ బోర్డు?"

"ఏడు నియమాలది. పడ్డ పశువు తనంతట లేచేదాకా ఆగాలన్నారు. ఆగుదాం. ప్రతి కోతకీ ముందు కత్తి నూరాలన్నారు. నూరు. ఒకటి చూస్తుండగా ఇంకోటి కొయ్యొద్దన్నారు. ప్రతిదాని తర్వాతా నేల కడగమన్నారు. కడుగుదాం, ఆ పూడిన కాలవలో నీళ్లెక్కడికి పోతాయో విర్యావన్‌నే వచ్చి చూడమందాం."

మొదట దార్యెం నవ్వింది. తర్వాత వాకిలంతా నవ్వింది. నవ్వు అయిపోయాక ఒక్కొక్కళ్ల మొహంలో భయం మొదలైంది. అయినా ఎవరూ లేచి పోలేదు. మూడు కోరికలు అక్కడే అనుకున్నారు. నేల బాగుచెయ్యాలి. నలభైకి మించి కొయ్యం. తీసేసిన ముగ్గుర్నీ మళ్లీ పెట్టుకోవాలి.

మర్నాడు పొద్దున రెండో ఎద్దే పడింది.

మోకు పట్టుకున్న ఇద్దరూ మోకు వదులు చేసి వెనక్కి జరిగారు. కస్మురి కత్తి పట్టుకుని సానరాయి దగ్గర కూర్చున్నాడు. వార్సిని తొట్టి దగ్గర చేతులు కడుక్కుని నిలబడింది. కబేళా అంత నిశ్శబ్దంగా ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎద్దు ఊపిరి వినపడుతోంది. ఎవరో గోనెసంచి తెచ్చి దాని కాళ్ల కింద పరిచారు.

"ఏంట్రా, పేరంటమా?" సుగెంగ్ తెల్ల బూట్లు టపటపలాడిస్తూ వచ్చాడు. "లేపండి దాన్ని."

"లేస్తుంది సార్," అన్నాడు మోకు వదిలినవాళ్లలో ఒకడు.

"ఎప్పుడు లేస్తుంది?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు. రెండో నియమం."

సుగెంగ్ మోకు లాక్కుని చెయ్యెత్తాడు. ముప్పై మొహాలు వాడి వైపు తిరిగాయి. ఎవరూ అడ్డం పోలేదు. ఎత్తిన చెయ్యి ఎలా దించాలో వాడికి తెలీలేదు. చివరికి మోకు కింద పడేసి ఆఫీసుకి పోయి ఫోన్ చేశాడు.

మధ్యాహ్నానికి పదకొండు తలలు తెగాయి. విర్యావన్ కారు దిగి లోపలికొచ్చి జారబోయి స్తంభం పట్టుకున్నాడు.

"ఎవరు చెప్పార్రా ఇలా చెయ్యమని?"

"తమరే," అంది వార్సిని. "కింద సంతకం తమదేనయ్యా."

"నాకు చదువు చెబుతున్నావా? బోటి కడిగేదానివి."

"బోటి కడిగేదాన్నే. కడిగినా కడిగినా వాసన పోనిది ఇంకోటుంది ఇక్కడ."

రెండోరోజు పన్నెండు. మూడోరోజు తొమ్మిది. సంతలో మాంసం లేదు. బక్సో బళ్లవాళ్లు, ఉడకబెట్టే ఉండలకి మాంసం దొరక్క, గేటు దగ్గరికొచ్చి గోల చేశారు. మాకు పండగ లేదా, మా పిల్లలు తినొద్దా అన్నారు. వార్సిని వాళ్లలో నలుగుర్ని లోపలికి పిలిచి ఆ నేల మీద పది అడుగులు నడవమంది. ఇద్దరు పడ్డారు. తర్వాత వాళ్లు గోల చెయ్యలేదు, అలాగని వెళ్లిపోనూ లేదు.

మూడోరోజే, ఆ బొమ్మ వేసిన విదేశీ టీవీ నుంచి ఒకామె దుబాసీతో సహా వచ్చింది. మంచి మనిషిలాగే ఉంది. ఎడ్ల కళ్లు దగ్గరగా తీసుకుంటానంది.

"నేల తీస్తావా అమ్మా?" అని అడిగింది వార్సిని. "కాలవ తీస్తావా? ఎన్ని కొయ్యాలో రోజూ సుగెంగ్ సుద్దతో రాస్తాడే, ఆ గోడ తీస్తావా?"

ఆమె ఆలోచించింది. తీస్తాను గానీ మా వాళ్లు వేస్తారో లేదో చెప్పలేనంది. చూసేవాళ్లకి లెక్కలు పట్టవట, ఎడ్ల కళ్లు చూస్తేనే మనసు కరుగుతుందట.

"మాక్కూడా కళ్లున్నాయమ్మా," అంది దార్యెం. దుబాసీ ఆ మాట చెప్పాడో లేదో.

నాలుగోరోజు పోలీసులొచ్చారు. కబేళా లోపలికి కాదు. గేటు బయట, లారీలో ఉన్న ఎడ్లకి బకెట్లతో నీళ్లు అందిస్తున్న లెగిమాన్ దగ్గరికి. పశువుని హింసించాడని కేసు. ఫిర్యాదు ఇచ్చింది విర్యావన్. సాక్ష్యం, ఆ టీవీలో వచ్చిన బొమ్మే. ఇన్నాళ్లూ కుట్ర అన్న బొమ్మ, ఇప్పుడు సాక్ష్యమైంది.

లెగిమాన్ బకెట్టు కింద పెట్టాడు. "ఈ ఎద్దు తాగడం కానివ్వండి, వస్తాను," అన్నాడు. వాళ్లు కానివ్వలేదు.

లోపల మాట పాకింది. ఎవరూ పిలుపివ్వలేదు. కస్మురి కత్తి కడిగి, గుడ్డలో చుట్టి, దోపుకుని బయల్దేరాడు. వెనకాల ముప్పై మందీ. రెండు మైళ్లు, నెత్తురు మరకలతో, ఉపవాసపు నోళ్లతో, ఎండలో నడిచారు. బజారు తలుపుల్లోకొచ్చి చూసింది. బక్సో బళ్లవాళ్లలో కొందరు బళ్లు నెట్టుకుంటూ వెంట పడ్డారు.

స్టేషన్ వరండాలో రైటర్ కుర్చీలోంచి లేచాడు. "ఏంటిది? వాడు నేరం ఒప్పుకున్నాడు. మీరేం చేస్తారు?"

"మేమూ ఒప్పుకుంటాం," అన్నాడు కస్మురి. కత్తి మూట బల్ల మీద పెట్టాడు. "రాసుకో. మొద్దు కత్తితో కోశాను. ఎన్నిసార్లో గుర్తులేదు. నూరుకోనివ్వనివాడి పేరు కూడా రాయి, సుగెంగ్. వాణ్ణి తొందరపెట్టి తరిమినవాడి పేరు విర్యావన్."

తర్వాతివాడు ముందుకొచ్చాడు. "నేను తోక విరిచాను." ఇంకొకడు, "నేను నీళ్లు పెట్టకుండా రెండు పూటలు దొడ్డిలో ఉంచాను, పెట్టొద్దన్నారు." ఒక్కొక్కడూ తను చేసింది చెప్పాడు, ఎవరు చేయించారో చెప్పాడు. ఒకడు మధ్యలో ఏడ్చాడు. రైటర్ మొదట రాయనన్నాడు. రాయకపోతే ఇక్కణ్ణుంచి కదిలేది లేదన్నారు. రాయడం మొదలుపెట్టాడు. కాగితాలు అయిపోతే పక్క దుకాణం నుంచి తెప్పించాడు.

అజా వినపడింది. వీధిలో ఆడవాళ్లు కొబ్బరిపాల పాయసం తెచ్చి వరండాలో పెట్టారు. కానిస్టేబుళ్లు కూడా అదే గిన్నెలోంచి తీసుకున్నారు. తర్వాత వరుస మళ్లీ కదిలింది.

వార్సిని వంతు వచ్చింది.

"నువ్వు బోటి కడుగుతావు కదమ్మా. నువ్వేం చేశావు?"

"చూశాను," అంది వార్సిని. "ఏడేళ్లు చూశాను. వాటిని కొడుతుంటే చూశాను, వీళ్లని తరుముతుంటే చూశాను. నా తమ్ముణ్ణి తీసేసిన రోజు అంతా తెలిసి నోరు మూసుకున్నాను. అది రాయి."

"దానికి సెక్షన్ లేదు."

"అయితే సెక్షన్ ఖాళీ వదిలి రాయి. కింద నేను సంతకం పెడతాను."

ఆమె సంతకం పెడుతుండగా వీధి చివర హారన్లు మోగాయి. ఒకటి కాదు, వరసగా. రేవు నుంచి రావాల్సిన లారీలన్నీ స్టేషన్ ముందు ఆగాయి. డ్రైవర్లు దిగి ముందు ఎడ్లకి తొట్టెలు పెట్టి నీళ్లు పోశారు. కెతుత్ చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి, వరుసలో ఆఖరున నిలబడ్డాడు. వాడి వెనక ఇంకో పదకొండుమంది డ్రైవర్లు.

"మీదేంట్రా?" అన్నాడు రైటర్ నీరసంగా.

"పద్దెనిమిది ఎడ్లు ఎక్కాల్సిన లారీలో ఇరవై ఆరు ఎక్కించాం," అన్నాడు కెతుత్. "ఎక్కించమన్నవాళ్ల పేర్లు పెద్దవి. కాగితాలు ఇంకొన్ని తెప్పించండి."