ఆ భాగం వరకే

మావారి చొక్కా ఇస్త్రీ చేస్తుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, బిల్డ్ ఆగిపోయిందని. అందరూ విడివిడిగా రాసిన ప్రోగ్రాములను ఒక వరసలో కూర్చి వాడకానికి సిద్ధం చేసేదే బిల్డ్. ఆ పని చూసేది నేను. ఉన్నపళంగా బయల్దేరుతుంటే, రేపు ఆడపడుచువాళ్లు వస్తున్నారనీ, సెలవు పెట్టమనీ అత్తగారు గుర్తుచేశారు. "పెడుతుందిలే అమ్మా, తనకక్కడ అంత పనేముంటుంది," అని మావారు నా తరఫున ఒప్పేసుకున్నారు.

మేనేజరు అందరి ముందూ, "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావా అమ్మా?" అన్నాడు. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ.

పొరపాటు నాదే. ప్రోగ్రాములను సరిచూసే పరీక్షల భాగం కోసం ఒక వేరియబుల్, అంటే విలువను దాచిపెట్టే ఒక పేరు, దాని విలువ మార్చాను. ఆ పేరునే మిగతా భాగాలూ వాడుకుంటాయి కాబట్టి ఒకచోట మార్చింది అన్నిచోట్లకూ పాకింది. వెనక్కి మారిస్తే పరీక్షలు ఆగుతాయి, ఉంచితే తక్కినవన్నీ ఆగుతాయి. ఆ ఇరకాటం నాకు కొత్తేం కాదు. పొద్దున అత్తగారన్న మాట సాయంత్రం దాకా నా కుర్చీలోనే కూర్చుంటుంది. ఇక్కడ పడ్డ మాట ఇంటికొచ్చి నా చేత అన్నం మాడబెట్టిస్తుంది. ఎవరు ఏ మూల ఏమన్నా మారిపోయేది మొత్తం నేనే.

పక్క సీటు సీనియరావిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "దాన్ని లోకల్ చెయ్యి. ఆ భాగం వరకే చెల్లుతుంది," అంది.

చేశాను. తెర మీద వరసలు పరుగెత్తాయి. పరీక్షల భాగంలో నేను పెట్టిన విలువే ఉంది. అది దాటగానే అదే పేరు, తన పాత విలువతో, ఎవరూ ముట్టుకోనట్టు నిలబడి ఉంది. లోపల జరిగినదాని మరక ఒక్కటి కూడా బయట లేదు. బిల్డ్ చివరిదాకా వెళ్లింది. మళ్లీ నడిపించి చూశాను, ఊరికే, చూడ్డం కోసం.

"ఇదెప్పట్నుంచి ఉందండీ?"

"మొదట్నుంచీ ఉంది," అందావిడ.

రేపు టీమందరికీ దీన్ని నువ్వే చూపిస్తావా అని మేనేజరు అడిగాడు. సరేనన్నాను.

ఇంట్లో అడుగుపెట్టగానే సెలవు పెట్టావా అని అడిగారు మావారు. పెట్టలేదనీ, రేపటి సంగతీ చెప్పాను. వంటింట్లో అత్తగారి గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవర్నడిగి ఒప్పుకున్నావ్?" అన్నారు మావారు.

"వాళ్లు అడిగింది నన్నండీ. ఒప్పుకున్నదీ నేనే."