కమలకుమారి ఎడమచెయ్యి

డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన రోజు నుంచి కమలకుమారి ఎడమచెయ్యి ఆమెది కాకుండా పోయింది. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానిమీద ఒత్తిగిలి పడుకోకూడదు, గాజులు వేసుకోకూడదు. వారానికి మూడుసార్లు పంజాగుట్ట ఆస్పత్రిలో ఆ చేతికి రెండు సూదులు గుచ్చి గొట్టాలు తగిలిస్తారు. మిషన్ తిరిగినంతసేపూ అది కదలకూడదు.

భర్త సూర్యనారాయణ పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. మొదట్లో పేపరు తెచ్చుకునేవాడు. తర్వాత అదీ మానేశాడు. చదివిన వార్తే మళ్ళీ చదువుతున్నానని అతనికే తెలిసేది. వాళ్ళది అమీర్‌పేట. కోచింగ్ సెంటర్ల వెనక సందులో రెండో అంతస్తు. ఒకప్పుడు అదే సందులో అతనికి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కంప్యూటర్లు వచ్చాక అది మూతపడింది. ఆ తర్వాత అతని వేళ్ళకు చెప్పుకోదగ్గ పనేమీ లేదు, ఇప్పుడు మందుల పట్టీలు చించడం తప్ప. వెళ్ళేటప్పుడు మెట్రోలో ఒక్క స్టేషను, వచ్చేటప్పుడు ఆటో. ఇంటికి చేరేసరికి ఇద్దరిలో పేషెంటు ఎవరో చూసినవాళ్ళు వెంటనే చెప్పలేకపోయేవాళ్ళు.

ఒకరోజు మిషన్ మీద ఉండగా ఆమె కుడిచేతి వేళ్ళు గాలిలో ఆడుతుంటే చూశాడు.

"ఏంటి కమలా, చెయ్యి లాగుతోందా?"

"లేదండీ. ఊరికే."

మళ్ళీ అడిగాడు. ఆమె సిగ్గుపడుతూ, "అల్లుకుంటున్నాను," అంది.

"దారం లేకుండానా?"

"దారం ఉంటే మాత్రం? పట్టుకోవాల్సిన చెయ్యి అదిగో, అక్కడ కట్టేసి ఉందిగా."

పెళ్ళయినప్పటి నుంచీ ఆమె లేసు అల్లుతూనే ఉంది. ఫ్రిజ్ మీద లేసు, టీవీ మీద లేసు, కుర్చీల వీపులకు లేసు, దేవుడి గూటికి లేసు తెర. గోడలకు సున్నం ఉన్నట్టు ఆ ఇంట్లో లేసు ఉండేది. సున్నాన్ని ఎవరు పనిగట్టుకుని చూస్తారు? ఆమె అల్లడం మానేసి చాలాకాలమైందన్న సంగతి కూడా అతను అప్పటిదాకా గమనించలేదు.

"ఇంటికెళ్ళాక అల్లుకోవచ్చు కదా?"

"ఇంటికెళ్తే కళ్ళు తెరవలేను. మర్నాడు కాస్త లేచి వంటా అదీ చూసుకునేసరికి పొద్దు వాలిపోతుంది. నేను మెలకువగా ఉండేది ఇక్కడే. చెయ్యి లేనిదీ ఇక్కడే."

తర్వాతిసారి వెళ్ళేటప్పుడు అతను ఆమె రేకు డబ్బాలోంచి దారపు ఉండా, కొక్కెం సూదీ తీసి సంచిలో వేసుకున్నాడు. మిషన్ నడుస్తుండగా స్టూలు ఆమె కుడివైపుకు లాక్కుని, తన ఎడమచెయ్యి చాపాడు.

"నువ్వు అల్లు. నేను పట్టుకుంటాను."

ఆమె అతని మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని. తర్వాత దారాన్ని అతని చూపుడువేలికి చుట్టి, మిగతా వేళ్ళ మధ్యగా పోనిచ్చి, మొదటి ఉచ్చు వేసి బొటనవేలి కింద పెట్టింది. టైపు మిషన్ మీద గట్టిగా కొట్టడానికి అలవాటుపడ్డ వేళ్ళవి. వదులుగా ఉండమంటే వాటికి అర్థం కాలేదు. సూది లాగితే దారం రాలేదు.

"అంత బిగించకండి. వేడి ఇడ్లీ పట్టుకున్నట్టు పట్టుకోవాలి."

టెక్నీషియన్ విజయేందర్ వచ్చి ఆగాడు. "ఏం జేస్తున్నరు అంకుల్? గొట్టాలకు తాకద్దు, జర జాగ్రత్త," అన్నాడు. గొట్టాలు ఒకసారి సరిచూసి వెళ్ళిపోయాడు.

ఎదురు మంచంమీద రాజనర్సయ్య ఉండేవాడు. బోరబండలో తాపీమేస్త్రీ. ఒళ్ళు కరిగిపోయి కళ్ళే మిగిలిన మనిషి. ఆయన భార్య చంద్రమ్మ అంతా చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏందక్కా, అన్నతోని సుత పని జేపిస్తున్నవా?"

"ముప్ఫయ్యేళ్ళు నాతో చేయించుకున్నారుగా," అంది కమలకుమారి. చంద్రమ్మ పకపకా నవ్వింది. ఆ వార్డులో ఎవరైనా అలా నవ్వగా సూర్యనారాయణ అంతకుముందెప్పుడూ వినలేదు.

పని మాత్రం చీమ నడకే. ఇద్దరి చేతులూ ఒకే మనిషివి కావడానికి చాలా వారాలు పట్టింది. మధ్యలో ఆమె బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి, సూది జారి నేలమీద పడేది. అతను దారం వదలకుండానే రెండో చేత్తో కాలు నొక్కేవాడు. ఒక్కోరోజు మొత్తం మీద ఒక వరస కూడా అయ్యేది కాదు. అయినా ఆటోలో వెళ్తూ ఆమె సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చునేది.

ఒకరోజు అడిగాడు. "నీకిది ఎక్కణ్ణించి అబ్బింది కమలా? మీ అమ్మగారికి సూదిలో దారం ఎక్కించడమే రాదుగా."

"ఇన్నేళ్ళకి అడిగారు," అంది ఆమె. నిష్ఠూరం కాదు, ఆశ్చర్యమే. మెల్లగా చెప్పుకొచ్చింది.

నరసాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో, పక్కింటి వజ్రమ్మ లేసు అల్లేది. షావుకారు దారం ఇస్తాడు, అల్లినది పట్టుకుపోతాడు. చిన్నప్పుడు కమలకుమారికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. నడవడానికి ఓపిక లేక రోజంతా అరుగుమీద చాపేసుకుని పడుకునేది. ఎదురుగా వజ్రమ్మ తెల్లారినప్పటి నుంచీ మెడ వంచి అల్లుతూ ఉండేది. కళ్ళు ఉబ్బిపోయేవి. 'ఈ సూదిని చూస్తే నాకు ఒళ్ళు మంటే పిల్లా,' అనేది. లేసంటే ఏదో శిక్ష అనుకునేది కమలకుమారి.

"ఓరోజు ముసురు పట్టింది. షావుకారు రాలేదు. వజ్రమ్మ గారు ఇవాళైనా నడుం వాలుస్తుంది కదా అనుకున్నాను. ఆవిడ ఏం చేసిందో తెలుసా? మిగిలిన దారం ముక్కలు ఏరి ముడేసి, చేపని అల్లడం మొదలెట్టింది. ఇంత చేప. ఎవరికి పిన్నీ అన్నాను. 'ఎవరికీ కాదే. ఇన్నాళ్ళూ వాళ్ళు చెప్పింది అల్లాను. ఇవాళ నాకు బుద్ధి పుట్టింది అల్లుతున్నాను,' అంది."

"ఆ చేప చూసి నేర్చుకుందామనుకున్నావా?"

"చేపని కాదండీ, ఆవిడ మొహాన్ని. అంతసేపూ అలిసిపోయిన మొహమే. ఆ కాసేపూ అలిసిపోయే ఉంది, కానీ ఆ అలసట అవతలెక్కడో కూర్చున్నట్టు ఉంది. నాకూ అలాంటి మొహం ఉంటే బావుణ్ణనిపించింది. లేవగలిగిన రోజున ముందు వెళ్ళింది వాళ్ళింటికే."

ఆమె మళ్ళీ సూది అందుకుంది. అప్పుడు సూర్యనారాయణ దారం మీంచి చూపు తిప్పి ఆమె మొహం చూశాడు. కళ్ళ కింద నల్లని చారలు, ఎండిన పెదవులు. కింది పెదవి మాత్రం కాస్త లోపలికి మడిచి ఉంది, పంటితో నొక్కిపట్టి ఏదో రహస్యం దాచుకున్నట్టు. ఇన్నేళ్ళూ ఈ మొహం తన ఇంట్లోనే ఉంది. పొద్దున్నే తను ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిపోయి రాత్రి వచ్చేవాడు. అది మూతపడ్డాక ఇంట్లోనే ఉన్నా పేపరులోంచి తలెత్తలేదు. పగలు ఈమె ఇలా ఉండేదన్నమాట.

ఎండలు ముదిరాయి. ఒకరోజు వెళ్ళేసరికి ఎదురు మంచంమీద రాజనర్సయ్య లేడు, ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. సూర్యనారాయణ విజయేందర్ వంక చూశాడు.

"పెద్దాయన పోయిండు అంకుల్. ఇంట్లనే. నిద్రల," అన్నాడు విజయేందర్ గొంతు తగ్గించి. ఆమెకు వినబడకూడదనే తగ్గించాడు గానీ, ఆమెకు వినబడింది.

ఆ రోజు ఆమె సూది ముట్టుకోలేదు. తర్వాత కూడా ముట్టుకోలేదు. అతను స్టూలు లాక్కుని చెయ్యి చాపితే, "వద్దండీ. ఓపిక లేదు," అని మొహం తిప్పుకునేది. ఎదురు మంచం వైపు చూడకుండా ఉండడానికి కళ్ళు మూసుకునేది. అతను బలవంతపెట్టలేదు. సంచి మాత్రం మోసుకొచ్చేవాడు, మోసుకెళ్ళేవాడు. ఏమీ తోచక ఒకరోజు తనే రెండు చేతులతో ప్రయత్నించాడు. ఎడమచేతికి వచ్చినంత కుడిచేతికి రాలేదు. కాసేపటికి గొలుసు లాంటిది వచ్చింది, ఒకచోట బిగుతుగా, ఒకచోట వేలు దూరేంత వదులుగా. కమలకుమారి సగం కళ్ళు తెరిచి చూసింది. నవ్వలేదు.

ఇంకొన్నాళ్ళకు వార్డు తలుపు దగ్గర చంద్రమ్మ కనబడింది. చేతిలో చిన్న సంచి, నుదుట బొట్టు లేదు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. సూర్యనారాయణ లేచి తన స్టూలు ఇచ్చాడు.

"ఏం పనిమీద వచ్చావమ్మా?" అన్నాడు.

"పనేం లేదన్నా. ఇంట్ల కూసుంటె గోడలు మీద వడ్తున్నయి. బస్సెక్కిన. దిగి సూస్తె గీడనే ఉన్న." ఆమె ఎదురు మంచం చూసి చూపు మళ్ళించుకుంది. "గిన్నేండ్లు గిదే తొవ్వ నడిస్తిమి. కాళ్ళకు ఇంకోటి ఎర్క లేదు."

కమలకుమారి కుడిచెయ్యి చాపి ఆమె మోచేతిని పట్టుకుంది. మిషన్ తన పని తను చేసుకుంటోంది.

"అక్కా," అంది చంద్రమ్మ చివరికి. "ఆయనకు నీళ్ళు వట్టుడు, కాళ్ళు వత్తుడు, గోలీలు ఇచ్చుడు, ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుండె. గిప్పుడు చేతులు ఊకె ఉంటలేవు. నాకు సుత గది నేర్పుతవా?"

కమలకుమారి కళ్ళు మూసుకుంది. వద్దంటుందనుకున్నాడు సూర్యనారాయణ.

"నాకు ఓపిక లేదు చంద్రమ్మా," అంది. తర్వాత కళ్ళు తెరవకుండానే, "ఆయన నేర్పుతారు. గొలుసు దాకా వచ్చు," అంది.

సూర్యనారాయణ గతుక్కుమన్నాడు. ఏళ్ళ తరబడి వందలమందికి టైపు నేర్పిన మనిషి, ఆ దారం కొస ఎక్కడుందో వెతుక్కున్నాడు. చంద్రమ్మ చూపుడువేలికి దారం చుట్టాడు. భర్త వెంట సిమెంటు, ఇటుక మోసిన వేలది, గరుకుదేలి ఉంది. దారం పోగు దానికి పట్టుకుని లేచొస్తోంది. అతను తప్పు చెబుతుంటే కమలకుమారి పడుకున్నచోటి నుంచే దిద్దింది. ముందు ఒక్కో మాట, తర్వాత కాస్త చిరాగ్గా, తర్వాత తల ఎత్తి.

"అలా కాదండీ, దారం సూది మీదుగా రావాలి. కిందనుంచి కాదు. ఆ తలగడ కాస్త పైకి జరపండి, నాకు కనబడట్లేదు."

అతను జరిపాడు. చంద్రమ్మ మూడు ఉచ్చులు వేసి, నాలుగోది ఊడిపోతే "అయ్యో" అంది. కమలకుమారి, "ఊడనీ, మళ్ళీ వెయ్యి," అంది.

వెళ్ళేటప్పుడు చంద్రమ్మ సూదీ దారమూ తిరిగి ఇవ్వబోతే, ఉంచుకోమంది కమలకుమారి. ఆటోలో వస్తుంటే పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయారు. ఎండ మొహాన కొడుతోంది. ఆమె అతని భుజం మీద తల ఆనించింది. నిద్రపోయిందనుకున్నాడు.

"అమీర్‌పేటలో ఆ ఫ్యాన్సీ షాపు ఉందా ఇంకా?" అంది.

"ఉన్నట్టే ఉంది. ఎందుకు?"

"ఇంకో సూది కావాలిగా. దారం కూడా కొనాలి."

"తెల్లదేనా?"

ఆమె కాస్త ఆలోచించింది. "చంద్రమ్మకి ఏ రంగు కావాలో ఆవిణ్ణే అడగండి. మనం అనుకోవడం దేనికి," అని కళ్ళు మూసుకుంది.

పచ్చలైటు పడింది. సూర్యనారాయణ ఆమె ఎడమచెయ్యి కుదుపుకు తగలకుండా తన ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాడు.