పిట్ట పొట్ట కింద బంక

మా బావకు తీగ వంచడం రాదు, కాగితం మడవడం రాదు. వచ్చిందల్లా ఒక్కటే: మా అక్క చేసినదాని పక్కన నిలబడి ఫొటో దిగడం. ఆ ఒక్క విద్యతోనే ఇన్నేళ్ళుగా కళాకారుడిగా చెలామణి అవుతున్నాడు మహానుభావుడు.

ఈసారి గ్రంథాలయం వాళ్ళు చదువుకునే హాల్లో పైకప్పుకు వేలాడదీయడానికి నలభై కాగితపు పిట్టల గుత్తి అడిగారు. అక్క తన గదిలో రెండు నెలలు కూర్చుని చేసింది. ఈ పని కింది నుంచి పైకి సాగుతుంది. తీగకు చెరో కొసన ఒక పిట్టను కట్టి, సమంగా నిలిచే చోట దారం ముడి వేసి, దాన్ని మళ్ళీ పై తీగకు కట్టాలి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ చెయ్యాలి. సరిగ్గా అప్పుడే బావ తలుపు బార్లా తీసి, "ఇంకా అవలేదా?" అనేవాడు. పిట్టలన్నీ గిర్రున తిరిగేవి. అక్కకు సాయంగా కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క మాత్రం అవి నిలిచేదాకా ఆగేది. ఆ ఓపిక చూస్తే ఆవిడ మీద కూడా కోపమే వచ్చేది నాకు.

"ఇదే ఆఖరుది," అన్నాడు ఒకరోజు. "నీ చేతులు వణుకుతున్నాయి. ఇది కాస్త అటూ ఇటూ అయిందంటే నీ చెత్తంతా బయట పారేయించి ఈ గది నా ఆఫీసు చేసుకుంటా."

ఆఫీసట, ఆఫీసు! ఏం పని చేస్తాడని? అక్క ముఖం పాలిపోయింది. ఆ గది తప్ప ఆ ఇంట్లో ఆవిడకంటూ ఏముంది?

తీసుకెళ్ళే రోజు పొద్దున, పిట్టలను పెట్టెలో తానే సర్దుతానన్నాడు బావ. బుద్ధిలేక మేం సంతోషించాం.

హాల్లో నిచ్చెన వేసి గుత్తిని కొక్కేనికి తగిలించారు. కింద బల్ల మీద మా బావ పేరు అచ్చువేసిన అట్ట ఠీవిగా నిలబడి ఉంది. అందరూ తలెత్తి చూశారు. గుత్తి ఒక పక్కకు ఒరిగిపోయింది. ఏడు తీగలు వంకరగా వేలాడుతున్నాయి.

"మా ఆవిడ చేతుల్లో పట్టు పోయిందండీ, ఏం చెప్పమంటారు," అన్నాడు గ్రంథాలయం మేడమ్‌తో. అట్ట మీద పేరేమో తనది, ఒరిగితే మాత్రం చేతులు మా అక్కవి!

అక్క నిచ్చెనెక్కి ఒక పిట్ట పొట్ట కింద వేలితో తడిమింది. "ఇక్కడి బంకేదే?" అంది నాతో. బరువు చాలని పిట్టకు అక్కడ మైదా బంక చిన్న ఉండ చేసి అంటిస్తుంది తను. తూకమంతా దాంట్లోనే ఉంది.

"ఆ మురికా? ఏడింటికీ నేనే బ్లేడుతో గీకేశా. ఎంత అసహ్యంగా ఉందో!" అన్నాడు బావ గొప్పగా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. "అయితే మీరే సరిచెయ్యండి బావా. పేరు మీదేగా," అన్నాను. నిచ్చెనకేసి చూశాడు, పిట్టలకేసి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"జిగురుందా అమ్మా? బరువుకి కాస్త మందపాటి కాగితం కూడా కావాలి," అంది అక్క. మేడమ్ జిగురు సీసా ఇచ్చి కాగితం కోసం సొరుగులు వెతకసాగింది. అక్క ఆగలేదు. నిచ్చెన దిగి, బల్ల మీది అట్ట అందుకుని ఓ మూల చింపింది.

"ఏయ్, అది నా పేరు!"

"తెలుసు," అంది అక్క.

ఆ ముక్కకు జిగురు రాసి, పైకెక్కి పిట్ట పొట్టకు అంటించింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా అంటించాల్సిన చోటే అంటించాయి. తీగ మెల్లగా సమంగా నిలిచింది. అక్క ఇంకో ముక్క చింపింది.

"పిల్లల గదికి కూడా ఒకటి చేసిస్తారా?" అని అడిగింది మేడమ్, అక్కనే చూస్తూ.

"చేస్తానమ్మా. నా గది ఉందిగా," అంది అక్క, బావకేసి తల కూడా తిప్పకుండా.

ఏడు పిట్టలకూ ఆ అట్ట సరిగ్గా సరిపోయింది.